మారుతి ఎస్టీమ్ ఇంజన్ అని కొన్నా, నిజంగా 1.3 లీటర్‌దేనా?

అన్నలూ, పాత జెన్‌లో పెట్టి ట్రాక్ మీద తిప్పుదామని విజయవాడ ఆటోనగర్‌లో ఒక ఇంజన్ తీసుకున్నా. అమ్మినాయన ఎస్టీమ్‌దే అన్నాడు. నంబరు ఉండాల్సిన చోట మడ్డి, దాని మీద పెయింటు. లేత్ ఆయనేమో హెడ్డు అడుగున 1 ఎంఎం ఫేసింగ్ (చెక్కించడం) చేయిద్దాం, పికప్ అదిరిపోతుంది అంటున్నాడు. చేయించనా?

జవాబు 1:
ఆగు తమ్ముడూ, ముందు అది ఏ ఇంజనో తేల్చు. జెన్‌ది, ఎస్టీమ్‌ది ఒకే జి సిరీస్, పైకి చూస్తే అన్నదమ్ముల్లా ఉంటాయి. బోరు (సిలిండర్ వ్యాసం) జెన్‌ది 72, ఎస్టీమ్‌ది 74 ఎంఎం కాబట్టి కంటితో తేడా తెలీదు, స్ట్రోక్‌లో (పిస్టన్ కదిలే దూరంలో) మాత్రం దొరికిపోతుంది: జెన్ 61 ఎంఎం, ఎస్టీమ్ 75.5. ప్లగ్గులన్నీ తీసి, ఒక రంధ్రంలో పొడుగు ప్లాస్టిక్ స్ట్రా దించి, క్రాంక్‌ని స్పానర్‌తో మెల్లగా తిప్పుతూ పిస్టన్ పైకొచ్చినప్పుడు ఒక గీత, కిందికి దిగినప్పుడు ఒక గీత పెట్టు. స్ట్రా ఏటవాలుగా దిగుతుంది కాబట్టి రెండు మూడు ఎంఎం ఎక్కువే చూపిస్తుంది, అయినా పొరపడే ఛాన్స్ లేదు.

నంబరు మీద పెయింటే అయితే థిన్నర్‌తో పోతుంది. గ్రైండర్ పెట్టిన గుర్తులు కనిపిస్తే మాత్రం ఇంకేం ఆలోచించకుండా వెనక్కిచ్చెయ్.

జవాబు 2:
1.3 అని తేలినా హెడ్ కవర్ విప్పి వాల్వులు లెక్కపెట్టు బ్రో. ఎస్టీమ్‌కి మొదట్లో కార్బురేటర్‌తో 8, తర్వాత ఎంపీఎఫ్ఐతో (ఇంజెక్టర్లతో పెట్రోలు చిమ్మే పద్ధతి) 16. కష్టపడితే 16 వాల్వుల ఇంజన్ మీదే పడాలి. ఇంకోటి, బోరు 0.5 పెంచితే 1298 కాస్తా 1316 సీసీ అవుతుంది, నీ క్లాసు పరిమితి 1300 అయితే రేసు ముందు తనిఖీలోనే ఇంటికి పంపిస్తారు.

జవాబు 3:
ఫేసింగ్ సంగతి నన్నడుగు, చేతులు కాల్చుకున్నవాణ్ణి. కొలవకుండా 1 ఎంఎం తీయించా, అంతకుముందే ఎవరో ఒకసారి తీయించారని తర్వాత తెలిసింది. ట్రాక్ మీద రెండో సెషన్‌కే నాకింగ్ (పెట్రోలు తప్పు సమయంలో పేలి టకటక), హెడ్ గ్యాస్‌కెట్ ఫట్.

ఎస్టీమ్‌లో ఒక్కో సిలిండర్ 324.7 సీసీ. కంప్రెషన్ 10 (గాలి పదో వంతుకి నలగడం) కావాలంటే పిస్టన్ పైకొచ్చాక మిగిలే ఖాళీ, గ్యాస్‌కెట్ మందంతో సహా, 36 సీసీ ఉండాలి. ప్లగ్గులు బిగించి హెడ్డు తిరగేసి, గ్రీజు రాసి చిల్లున్న యాక్రిలిక్ ముక్క అతికించి, సిరంజితో కిరోసిన్ పోస్తే ఒక్కో గదిలో ఎంత పడుతుందో తెలిసిపోతుంది. నాలుగూ సమానంగా లేకపోతే ముందు అది సరిచేయించు. హెడ్డు దిగితే క్యామ్ టైమింగ్ (వాల్వులు తెరుచుకునే సమయం) కూడా కాస్త వెనక్కి పోతుందని మర్చిపోకు.

నేనైతే పవర్ కన్నా ముందు ఆయిల్ సంప్‌లో (ఇంజన్ అడుగున ఆయిల్ నిలిచే తొట్టిలో) అడ్డ రేకులు వెల్డ్ చేయిస్తా. చెన్నై దగ్గర ఇరుంగట్టుకోట్టై రేస్ ట్రాక్‌లో పొడుగు మలుపు తిప్పేటప్పుడు ఆయిలంతా ఒక పక్కకి చేరితే బేరింగులు ఎండిపోతాయి.

అడిగినవాడు:
థాంక్స్ అన్నలూ. స్ట్రా మీద గీతల మధ్య 63 ఎంఎం వచ్చింది, మూడుసార్లు కొలిచా. రేపు పొద్దున్నే ఆటోనగర్ వెళ్తున్నా.