కూలి మొఱ్ఱపెట్టడమేమిటి? (యాకోబు పత్రిక 5:4)

ప్రశ్న: బైబిలు కొత్త నిబంధనలోని యాకోబు పత్రిక (యాకోబు రాసిన లేఖ) 5వ అధ్యాయంలో ధనవంతులను హెచ్చరించే చోట "మీ చేలు కోసిన పనివారికియ్యక, మీరు మోసముగా బిగపట్టిన కూలి మొఱ్ఱపెట్టుచున్నది" అని ఉంది. మొరపెట్టుకోవలసింది కూలివాడు కదా! ఇక్కడ కూలి అంటే మనిషా, డబ్బా? అచ్చుతప్పేమైనా ఉందా?

జవాబు: అచ్చుతప్పు కాదండీ. ఇక్కడ కూలి అంటే డబ్బే. "బిగపట్టిన" అన్న మాట దగ్గర ఒక్క క్షణం ఆగండి. మామూలుగా మనం బిగపట్టేది ఊపిరిని. బయటికి రావలసినదాన్ని బలవంతాన లోపల ఆపేయడం అది. అంటే ఆ కూలి ఇంకా యజమాని ఇంట్లోనే, అతని పెట్టెలోనే ఉంది. అరుపు అక్కడి నుంచే వస్తోంది. మనుషుల అరుపు తర్వాతి వాక్యంలో వేరుగా ఉంది: "మీ కోతవారి కేకలు" ప్రభువు చెవులలో చొచ్చాయని. పొలం నుంచి ఒక కేక, పెట్టెలో నుంచి ఒక కేక. రెండింటి మధ్యా కూర్చుని భోంచేస్తున్న ఆసామికి మాత్రం ఏదీ వినబడదు.

ప్రాణం లేనివి నోరు విప్పడం బైబిలుకు కొత్త కాదు. ఆదికాండం 4:10లో అన్న చేతిలో హతుడైన హేబెలు రక్తం నేలలో నుంచి మొరపెడుతుంది. హబక్కూకు 2:11లో అన్యాయపు సొమ్ముతో కట్టిన ఇంటి గోడలోని రాయే మొరపెడుతుంది. చెప్పవలసిన మనిషి చనిపోయినప్పుడో, చెప్పినా వినే నాథుడు లేనప్పుడో వస్తువులు సాక్ష్యానికి వస్తాయి. కతోలిక సంప్రదాయంలో పరలోకానికి మొరపెట్టే పాపాలని కొన్నింటిని విడిగా లెక్కిస్తారు. హేబెలు రక్తమూ, ఎగ్గొట్టిన కూలీ రెండూ ఆ లెక్కలో ఉన్నాయి. హత్య పక్కన కూలి బాకీ! 1891లో పోపు 13వ లియో కార్మికుల స్థితిగతులపై వెలువరించిన లేఖలోనూ ఈ వచనాన్నే ఎత్తి చూపారు.

"మోసముగా" అన్నారు కాబట్టి పూర్తిగా ఎగ్గొట్టినవాళ్ల గురించే అనుకుంటారు చాలామంది. పాత ధర్మశాస్త్రం అంత వెసులుబాటు ఇవ్వలేదు. లేవీయకాండం 19:13 ప్రకారం కూలిని మరునాటి దాకా దగ్గర ఉంచుకోకూడదు. ద్వితీయోపదేశకాండం 24:15 ప్రకారం పొద్దు గుంకక ముందే ఇచ్చేయాలి. కారణం కూడా అక్కడే ఉంది: అతను బీదవాడు, ఆ డబ్బు మీదే ఆశ పెట్టుకుని ఉంటాడు. అంటే "రేపు రా" అనడమే నేరం. పైగా యాకోబు మాట్లాడుతున్నది కోత కోసినవాళ్ల గురించి. దున్నేటప్పుడో నాటేటప్పుడో చేతిలో డబ్బు లేదని చెప్పుకోవచ్చు. కోత నాడు ధాన్యం కళ్లెదుటే ఉంటుంది. ఆ సాకు కూడా మిగలదు.

మరో సభ్యుని వ్యాఖ్య: బాగుందండీ. కానీ దానికి ముందు వచనంలో బంగారానికీ వెండికీ తుప్పు పట్టిందంటాడు. బంగారానికి తుప్పేమిటి? ఆయనకు ఆ మాత్రం తెలియదా?

జవాబు: తెలియకపోవడమేమిటండీ! తుప్పు పట్టనిదని పేరున్న లోహం కాబట్టే ఆ మాట గుచ్చుకుంటుంది. కదలకుండా, ఎవరికీ అక్కరకు రాకుండా పడి ఉన్న సొమ్ముకు తుప్పును అంటగట్టడం అంతకుముందూ ఉన్నదే. కతోలిక బైబిలులో ఉండే సిరా పుత్రుడైన యేసు (ఈయన యేసు క్రీస్తు కాదు) జ్ఞానగ్రంథం (29:10) వెండిని రాతి కింద తుప్పు పట్టనీయకుండా తోబుట్టువు కోసమో స్నేహితుడి కోసమో పోగొట్టుకొమ్మంటుంది.

నాకు అంతకన్నా ఆసక్తిగా అనిపించేది ఆ తుప్పుకు ఇచ్చిన ఉద్యోగం. "వాటి తుప్పు మీమీద సాక్ష్యముగా" ఉంటుందట. తుప్పు సాక్షి, కూలి ఫిర్యాది. ఇదంతా కోర్టు భాషే. ఆరో వచనంలో అసలు కోర్టు కూడా వస్తుంది. అక్కడ ధనవంతులే నీతిమంతుడికి శిక్ష వేయించి చంపుతారు, అతను ఎదిరించడు. భూమ్మీది కోర్టు వాళ్ల చేతిలో ఉంది కాబట్టే కేసు "సైన్యములకు అధిపతియగు ప్రభువు" దగ్గరికి వెళ్లింది. ప్రేమగల తండ్రి వంటి బిరుదు కాకుండా సేనల పేరు చెప్పడం ఊరికే కాదు.

ఐదో వచనంలో విలాసాల ప్రస్తావన వస్తుంది. "వధదినమునందు మీ హృదయములను పోషించుకొంటిరి" అంటాడు. పోషణ ఎంత మంచి మాట! దాన్ని వధకు సిద్ధమైన కొవ్విన దూడ పక్కన నిలబెట్టాడు.

ఇంకొక సభ్యురాలి వ్యాఖ్య: అయితే డబ్బున్న వాళ్లందరికీ ఇదే తీర్పా? మా సంఘంలో దీన్ని చదివినప్పుడల్లా ఉన్నవాళ్లు తల దించుకుంటారు, లేనివాళ్లు తల ఊపుతారు.

జవాబు: తల ఊపేవాళ్లకు కూడా పనివాళ్లు ఉంటే వాళ్లూ కాస్త ఆగాలమ్మా! ఆస్తి ఎంతన్నది ఈ వచనాలు అడగడం లేదు, ఎవరి బాకీ ఆపి కూడబెట్టావని అడుగుతున్నాయి. యేసు దేహాన్ని తన కొత్త సమాధిలో ఉంచిన అరిమతయియ యోసేపు ధనవంతుడేనని మత్తయి స్పష్టంగా రాశాడు. అలాగని మెత్తబరచడమూ సరికాదు. ఒకటి గమనించండి: ఈ ధనవంతులను "సహోదరులారా" అని పిలవలేదు. మారుమనస్సు పొందమని కూడా ఇక్కడ చెప్పలేదు, ఏడవమన్నాడంతే. "సహోదరులారా" అన్న పిలుపు ఏడో వచనంలో, ఓపిక పట్టమని చెప్పవలసిన వాళ్ల దగ్గరే వస్తుంది. అక్కడ వాళ్లకు చూపించిన మనిషి తొలకరి వాన కోసం, కడవరి వాన కోసం కాచుకుని ఉన్న వ్యవసాయకుడు.