భయానికి కారణం సెరటోనిన్ తగ్గడమేనా?

అలిపిరి మెట్టు:
మా ఆవిడకు గుండెదడ, రాత్రుళ్లు నిద్ర లేదు. తిరుపతిలో చూపిస్తే డాక్టరు ‘మెదడులో సెరటోనిన్ అనే రసాయనం తగ్గింది’ అని మాత్ర రాశాడు. రక్తం కూడా తీయలేదు. కొలవకుండా తగ్గిందని ఎలా చెప్తారు? 2022లో లండన్ వాళ్లు పాత పరిశోధనలన్నీ తిరగేసి దీనికి గట్టి ఆధారం లేదన్నారు కదా.

పీలేరు మందులషాపు:
రక్తం తీసినా తెలియదన్నా. ఒంట్లోని సెరటోనిన్‌లో నూటికి 90 పాళ్లు పేగుల్లోనే ఉంటుంది, అది మెదడులోకి పోదు. ఆ 2022 నాటిది డిప్రెషన్ గురించి, ఆందోళన గురించి కాదు. కారణం తేలకపోయినా మందు పనిచేయొచ్చు.

కాణిపాకం:
అరటిపండ్లు తినమనండి, సెరటోనిన్ ఉంటుంది.

పీలేరు మందులషాపు:
పండులోదీ మెదడుకు చేరదు.

వర్సిటీ హాస్టల్:
తగ్గితే భయం, పెరిగితే ధైర్యం అన్న లెక్కే తప్పు. సెరటోనిన్ మెదడులో ఒకచోట భయాన్ని అణిస్తే ఇంకోచోట పెంచుతుంది. 2016లో నేచర్ పత్రికలో వచ్చిన ఎలుకల ప్రయోగంలో సెరటోనిన్ పెంచే ఫ్లూఆక్సెటిన్ మందు ఇచ్చిన కొత్తలో భయం పెరిగింది.

అలిపిరి మెట్టు:
అంటే టెస్టు లేదు. నేనన్నదీ అదే. మాత్రలు అమ్ముకునేవాళ్లకు ఈ మాట రుచించదు.

పీలేరు మందులషాపు:
మాట జాగ్రత్త. ఇలాంటి పోస్టులు చదివే మా తమ్ముడు మాత్రలు ఒక్కసారిగా మానేశాడు. తల తిప్పితే లోపల కరెంటు కొట్టినట్టుందని వారం రోజులు గోడ పట్టుకుని నడిచాడు, బాత్రూముకు నేను తీసుకెళ్లా.

అలిపిరి మెట్టు:
నాలుగో రోజు రాత్రి రెండింటికి మా ఆవిడ చెప్పులు చేత్తో పట్టుకుని తలుపు దగ్గర కూర్చుంది, ఊపిరి ఆడట్లేదు ఆసుపత్రికి పోదాం అని. మాత్ర వేసుకోకముందు ఇంత లేదు. మొదట్లో కొందరికి ఆందోళన పెరగొచ్చనీ, గుణం కనిపించడానికి వారాలు పడుతుందనీ తర్వాత నేనే వెతికి తెలుసుకున్నా. సెరటోనిన్ గురించి చెప్పడానికి టైం ఉన్న మనిషికి ఈ ఒక్క మాట చెప్పడానికి లేదా?

పీలేరు మందులషాపు:
ఇది మొదటి పోస్టులోనే రాయాల్సింది అన్నా. నేనూ ఎవరికీ చెప్పలేదు. చీటీ చూసి కవరు మీద ‘రాత్రి ఒకటి’ అని రాసిస్తా, అంతే. వదిన ఇప్పుడు వాడుతోందా?

అలిపిరి మెట్టు:
నిన్న నేనే మాన్పించా.

పీలేరు మందులషాపు:
మాన్పించడం గానీ మళ్లీ వేయడం గానీ నీ అంతట నువ్వు చేయొద్దు. పొద్దున్నే వదినను ఆ డాక్టరు దగ్గరికి తీసుకెళ్లి ఆ రాత్రి సంగతంతా చెప్పు. ఆయన వినకపోతే రేపే ఇంకొకరికి చూపించు.