చదువు ముగిసింది, బీరువా మాత్రం ఇంకా కాలేజీలోనే ఉంది: బట్టల గురించి సలహా కావాలి

కొత్తఉద్యోగి:
అందరికీ నమస్కారం. నాకు 22 ఏళ్ళు. వచ్చే నెల ఉద్యోగంలో చేరుతున్నాను. బీరువా తెరిస్తే బొమ్మల టీషర్టులు, మోకాళ్ళ దగ్గర చిరిగిన జీన్సు, ఎర్ర లేసుల స్పోర్ట్స్ బూట్లు తప్ప వేరే ఏమీ లేవు. ఏమి వేసుకుని రావాలని ఆఫీసువాళ్ళను అడిగితే, ప్రత్యేకమైన నియమం లేదు, పద్ధతిగా ఉంటే చాలు అన్నారు. ఆ పద్ధతి ఏమిటో నాకు తెలియడం లేదు. ఉన్న ఒక్క ఫుల్‌హ్యాండ్స్ చొక్కా వేసుకుంటే ఎవరి దగ్గరో అరువు తెచ్చుకున్నట్టుంది. మనిషిని సన్నగా ఉంటాను. అన్నీ ఒకేసారి కొనే స్తోమత లేదు. ఎదిగినవాడిలా కనిపించాలి, అలాగని 40 ఏళ్ళవాడిలా కాదు. ఎక్కడ మొదలుపెట్టమంటారు?

సూదీదారం:
తమ్ముడూ, నేను చాలాకాలంగా కుట్టుపనిలో ఉన్నాను. అరువు తెచ్చుకున్నట్టుంది అన్నావు చూడు, అసలు సంగతి అక్కడే ఉంది. కొత్తవి కొనే ముందు ఆ చొక్కానే మళ్ళీ వేసుకుని అద్దం ముందు నిలబడు. చొక్కా చేతిని మొండేనికి కలిపే కుట్టు భుజం మీద ఎక్కడ ఉందో చూడు. భుజం ఎముక ఎక్కడ ముగుస్తుందో సరిగ్గా అక్కడే ఉండాలి. కిందికి జారి చేతి మీద ఉంటే చొక్కా పెద్దది, మెడ వైపు లోపలికి ఉంటే చిన్నది. భుజం కుదరని చొక్కా తెచ్చి బాగుచేయమంటే నేను వద్దనే చెబుతాను. రెండు చేతులూ ఊడదీసి, భుజాలు కోసి, మళ్ళీ ఎక్కించాలి. అంత చేసినా పాత పొందిక రాదు.

భుజం కుదిరితే మిగతావి చాలావరకు సర్దవచ్చు. నీలాంటి సన్నని మనుషులకు చొక్కా నడుము దగ్గర గుడారంలా ఉబ్బుతుంది. పక్క కుట్లు కొంచెం లోపలికి వేసినా, వీపు వైపు రెండు డార్టులు, అంటే బట్టను లోపలికి మడిచి వేసే కుట్లు, పట్టినా ఆ ఉబ్బు పోతుంది. చేతుల పొడవు తగ్గించవచ్చు. చెయ్యి కిందికి వదిలినప్పుడు కఫ్, అంటే చొక్కా చేతి చివరి పట్టీ, మణికట్టు ఎముకను కప్పి, అరచేయి మొదలయ్యే చోట ఆగాలి. కాలరు పై గుండీ పెట్టుకుంటే మెడకూ కాలరుకూ మధ్య రెండు వేళ్ళు దూరాలి, మూడోది దూరకూడదు.

ప్యాంటు కొనేటప్పుడు నడుము పట్టీ వెనక కుట్టును లోపలి నుంచి చూడు. అక్కడ బట్ట ఎక్కువ వదిలి ఉంటే రేపు ఒళ్ళు చేసినా ఒక అంగుళం దాకా వదులు చేసుకోవచ్చు. నిలబడినప్పుడు పక్క జేబులు చెవుల్లా తెరుచుకుంటే తుంటి దగ్గర బిగుతుగా ఉన్నట్టు. అలాంటిది తీసుకోకు. ఒక మాట మరిచిపోవద్దు, నూలు బట్ట ఏదైనా సరే ఆల్టరేషన్‌కు ఇచ్చే ముందు ఒకసారి ఉతుకు. మొదటి ఉతుకులో అది ఎంతో కొంత కుదించుకుంటుంది. కొలతకు సరిచేయించి ఆ తర్వాత ఉతికితే చేతులు పొట్టివవుతాయి.

లేతనీలం:
పై సలహా నూటికి నూరు పాళ్ళు నిజం. ఏమి కొనాలో నేను చెబుతాను. మొదటి విడతలో చొక్కాలు నాలుగు, ప్యాంట్లు మూడు చాలు. చొక్కాల్లో తెల్లవి రెండు, లేత నీలివి రెండు. ప్యాంట్లలో ముదురు నీలం ఒకటి, బూడిద రంగు ఒకటి, మూడోది చిరుగులు గానీ వెలిసిన మచ్చలు గానీ లేని ముదురు నీలి జీన్సు. ఏ చొక్కా ఏ ప్యాంటు మీదికైనా నప్పుతుంది కాబట్టి 12 జతలవుతాయి. పొద్దున లేచి ఆలోచించే పని ఉండదు. చాలామంది మొదట నల్ల ప్యాంటు కొంటారు. నాకు అది నచ్చదు. దుమ్ము, నూగు ఇట్టే కనబడతాయి, నాలుగు ఉతుకులకే పాతబడినట్టు ఉంటుంది.

బట్ట పేరు కూడా చూసుకోండి. పాప్లిన్ పలచగా, నున్నగా ఉంటుంది. ఆక్స్‌ఫర్డ్ బట్టలో పోగులు జంటగా నేస్తారు కాబట్టి దగ్గరగా చూస్తే చిన్న చిన్న గళ్ళు తెలుస్తాయి. కొంచెం మందం, ముడతలు అంతగా కనబడవు, ఒంటికి అతుక్కోదు. సన్నగా ఉన్నవారికి అదే మేలు. తెల్ల చొక్కా లోపల తెల్ల బనియను వేస్తే దాని అంచులు బయటికి తెలుస్తాయి. మీ ఒంటి రంగుకు దగ్గరగా ఉన్న బనియను వేస్తే అసలు కనబడదు.

టీషర్టులన్నీ పారేయనక్కరలేదు. బొమ్మలు లేనివి, మెడ సాగనివి ఉంచుకోండి.

నడకరి:
అందరూ చొక్కాలు, ప్యాంట్ల గురించే చెబుతున్నారు. నన్నడిగితే డబ్బు ముందు బూట్ల మీద పెట్టాలి. ఎంత మంచి ప్యాంటు వేసినా కింద ఎర్ర లేసుల స్పోర్ట్స్ బూట్లుంటే చూపు అక్కడికే పోతుంది. గోధుమ రంగు తోలు బూట్లు ఒక జత కొను. జీన్సుకూ సరిపోతాయి, బూడిద, నీలం ప్యాంట్లకూ సరిపోతాయి. బెల్టు అదే రంగులో ఉంటే చాలు, పెద్ద బకిల్ వద్దు. మేజోళ్ళు బూట్ల రంగుకు కాదు, ప్యాంటు రంగుకు దగ్గరగా ఉండాలి. కూర్చున్నప్పుడు పిక్క కనబడనంత పొడవుండాలి.

తోలు చెమటను పీల్చుకుంటుంది. అదే జతను రోజూ వేస్తే లోపలి తడి ఆరదు, మడత పడేచోట పగుళ్ళు వస్తాయి. అందుకే రోజు విడిచి రోజు వేసుకోవాలి. మధ్య రోజుకు తెల్లటి సాదా కాన్వాస్ బూట్లు ఉన్నా ఫరవాలేదు. అడుగు అతికించింది కాకుండా కుట్టింది దొరికితే ఇంకా మంచిది. అరిగినప్పుడు అడుగు ఒక్కటే మార్పించుకోవచ్చు.

కొత్తఉద్యోగి:
అన్నా, చెప్పినట్టే చూసుకున్నాను. భుజం కుట్టు చేతి మీదికి జారి ఉంది. ఇన్నాళ్ళూ లోపం నా ఒంట్లో ఉందనుకున్నాను. ఇంకో సందేహం. మా బంధువు ఒకాయన తగ్గింపు ధరలో సూటు కొనిస్తానంటున్నారు. నాకంటే రెండు సైజులు పెద్దది. ఒళ్ళు చేస్తావులే, సరిపోతుంది అంటున్నారు. తీసుకోవచ్చా?

సూదీదారం:
వద్దు తమ్ముడూ. మీ బంధువుగారి ప్రేమ కాదనను, మర్యాదగానే చెప్పు. ఒళ్ళు చేసినా భుజాలు రెండు సైజులు పెరగవు. కోటులో భుజం మార్చడం చొక్కా కంటే ఎన్నో రెట్లు కష్టం, ఆకారం నిలవడానికి లోపల కాన్వాసు అనే గట్టి గుడ్డ, మెత్తలు ఉంటాయి. 40 ఏళ్ళవాడిలా కనబడకూడదన్నావు కదా, మనిషిని అలా చూపించేది వదులు కోటూ, మెరిసే బట్టే.

ఆయన సూటే కొనిస్తానంటే నీ సైజుది అడుగు, ముదురు నీలంలో. ఉన్ని బట్ట మీద సూపర్ 100, సూపర్ 150 అని అంకెలుంటాయి. అది పోగు సన్నదనానికి గుర్తు. అంకె పెరిగేకొద్దీ పోగు సన్నబడుతుంది, తొందరగా నలుగుతుంది, అరుగుతుంది. తరచుగా వేసుకునేదానికి 100, 120 సరిపోతాయి. వేసుకుని గుండీ పెట్టి చూడు. గుండీ చుట్టూ ముడతలు గుణకారం గుర్తులా వస్తే బిగుతు. మెడ వెనక కోటు కాలరు చొక్కా కాలరుకు ఆనుకుని ఉండాలి, మధ్యలో సందు ఉంటే వదిలెయ్యి. కోటు చేతి కింద చొక్కా కఫ్ అర అంగుళం కనబడాలి. రెండు గుండీల కోటయితే కింది గుండీ ఎప్పుడూ పెట్టకు, కోత కూడా దానికి తగ్గట్టే ఉంటుంది. వెనక చీలిక దగ్గర అడ్డంగా తెల్ల దారంతో వేసిన కుట్టు, చేతి మీద కంపెనీ గుడ్డ ముక్క దుకాణం కోసం ఉంచినవి. వేసుకునే ముందు కత్తిరించాలి. వాటితోనే ఆఫీసుకు వచ్చేవాళ్ళను చూస్తే నా చెయ్యి కత్తెర కోసం వెతుకుతుంది.

లేతనీలం:
నాదొక మాట. ఆఫీసులో ఎవరూ సూటు వేసుకోకపోతే ఆ డబ్బుతో ప్యాంటు జత లేని విడి కోటు ఒకటి కొనిపెట్టమని అడగండి. బూడిద ప్యాంటు మీదా, జీన్సు మీదా వేసుకోవచ్చు. మొదటి వారం చొక్కా, ప్యాంటుతోనే వెళ్ళి, మీ పైవాళ్ళు ఏమి వేసుకుంటున్నారో చూసి కొంటే ఇంకా మంచిది.

కొత్తఉద్యోగి:
విడి కోటే అడుగుతాను. ఇస్త్రీ బయట ఇవ్వకుండా నేనే చేసుకోవాలనుకుంటున్నాను. కాలరు మీద బుడగలు వస్తున్నాయి, ఎందుకు?

సూదీదారం:
చాలా చొక్కాల కాలరులో రెండు పొరల మధ్య గట్టిదనం కోసం జిగురున్న గుడ్డ పెడతారు. ఇస్త్రీపెట్టె మరీ వేడిగా ఉన్నా, జిగురు నాసిదైనా ఆ పొర విడిపోయి బుడగలు వస్తాయి. ఒకసారి విడిపోతే పూర్తిగా బాగుకాదు, కాబట్టి కొత్త చొక్కాలను జాగ్రత్తగా చూసుకో. చొక్కా పూర్తిగా ఆరకముందే, చేతికి చెమ్మ తెలుస్తుండగా ఇస్త్రీ చెయ్యి, అంత వేడి అక్కరలేదు. కాలరును ముందు లోపలి వైపు, తర్వాత పై వైపు, రెండు మొనల నుంచి మధ్యకు తోసుకుంటూ రావాలి. మధ్య నుంచి మొనలకు తోస్తే ముడత అంతా మొన దగ్గర చేరి నిలిచిపోతుంది. తర్వాత కఫ్‌లు, చేతులు, వీపు, ఆఖరున ముందు భాగం. గుండీల మీదికి పెట్టె ఎక్కించకు, చుట్టూ మొనతో తిప్పు. చేశాక హ్యాంగర్‌కు తగిలించి పై గుండీ పెట్టు. వేడి తగ్గేదాకా వేసుకోకు, వేడి మీద వేసుకుంటే మోచేతి దగ్గర మళ్ళీ ముడతలు పడతాయి.