ఏండ్లు కష్టపడి బాగుచేసిన పాత విమానం ఒక్క దెబ్బకి పోతే? అసలు ఎగరేయల్నా, మ్యూజియంలో పెట్టల్నా?

అనంత_జీపు (అనంతపురం)

అందరికీ నమస్తే అన్నా. ఇది ఇక్కడ అడగాల్సిన ప్రశ్న అవునో కాదో తెలీదు గానీ ఈ గ్రూపులో ఎయిర్‌ఫోర్స్ వాళ్లు, రైల్వే వాళ్లు ఉండారు కదా అని అడుగుతాండా.

మొన్న కీ బర్డ్ అనే విమానం గురించి చదివినా. అమెరికా వాళ్ల బి-29 బాంబర్. 1947 ఫిబ్రవరిలో దారి తప్పి, పెట్రోల్ అయిపోవస్తాంటే గ్రీన్‌లాండ్‌లో గడ్డకట్టిన చెరువు మీద దించేసినారు. లోపలున్న 11 మందినీ ఇంకో విమానం వచ్చి ఎక్కించుకొని పోయింది, ఇది మాత్రం అక్కడే ఉండిపోయింది, అదీ దగ్గర దగ్గర యాభై ఏండ్లు. 1994లో ఒక టీమ్ పోయి దాన్ని లేపాలని కూర్చున్నారు. నాలుగు ఇంజన్లు, ప్రొపెల్లర్లు, టైర్లు అన్నీ ఒక సరుకుల విమానంలో విడతలు విడతలుగా మోసుకపోయినారు. ఇనుము ముట్టుకుంటే చెయ్యి అతుక్కునే చలిలో పని. ఆ ఏడు చలికాలం ముంచుకొచ్చి కాలేదు, పైగా వాళ్ల చీఫ్ మెకానిక్ జబ్బుపడి ఆస్పత్రిలో చనిపోయినాడు. 1995 మేలో మల్లా పోయినారు. నాలుగు ఇంజన్లూ స్టార్ట్ అయినాయి. మంచు మీద రన్‌వే కూడా చదును చేసుకున్నారు. టేకాఫ్ కోసం కదిలిస్తాంటే వెనక తోకలో మంట లేసింది, ఇంగ ఆర్పడానికి కాలేదు. మనుషులు బయటపడినారు, విమానం వాళ్ల కళ్ల ముందరే కాలిపోయింది.

రాత్రంతా అదే తిరిగింది తలలో. నా డౌట్ ఏందంటే, ఇట్లా పోయినాక వాళ్లు ఏం చేస్తారు? ఇంటికి పోయి గమ్మునుంటారా, మల్లా మొదలుపెడతారా?

ఇంకోటి. మేము నలుగురు ఫ్రెండ్స్ కలిసి ఒక పాత విల్లీస్ జీపు బాగుచేసినాము, అంతా సొంత డబ్బులు, ఆదివారాల పని. ఒకడు గండికోట దాకా తోలుకొని పోదామంటాడు, ఇంకొకడు వద్దురా సామీ, ఆగస్టు 15కి టవర్ క్లాక్ దగ్గర పెట్టి తుడిచి మల్లా షెడ్డులో పెడదామంటాడు. ఈ విమానం కథ చెప్పినాక రెండోవాడికి బలం ఎక్కువైంది. మీరేమంటారు?

బురుజు_కాడ (కర్నూలు)

తమ్ముడూ, నేను ఎయిర్‌ఫోర్స్‌లో ఇంజన్ ఫిట్టర్‌గా చేసి రిటైర్ అయినా. కీ బర్డ్ కాలిపోయింది ఎగరేయాలనుకున్నందుకు కాదు. దాని తోక వైపు ఏపీయూ అని చిన్న ఇంజన్ ఉంటుంది, పెద్ద ఇంజన్లకి కరెంటు ఇచ్చేది. దానికి పెట్రోల్ పోవడానికి వీళ్లు అప్పటికప్పుడు ఒక చిన్న టాంకు అమర్చుకున్నారు. గతుకుల మంచు మీద విమానం కుదుపులకి ఆ టాంకు ఊడింది, పెట్రోల్ కారి వేడి ఇంజన్ మీద పడింది, అంతే. నాలుగు పెద్ద ఇంజన్లు మార్చినోళ్లు ఒక చిన్న టాంకు బిగింపు దగ్గర దెబ్బతిన్నారు. పైగా ఆ కాలం విమానాల్లో మెగ్నీషియం భాగాలు చాలా ఉంటాయి, అది అంటుకుంటే మామూలుగా ఆరదు.

ఇట్లాంటిదే ఇంకోటి చెప్తా. బ్రిటన్‌లో వల్కన్ అని పెద్ద జెట్ బాంబర్, ఎక్స్‌హెచ్558 నంబరుది. జనం చందాలు వేసి, లాటరీ ఫండు తెచ్చి 2007లో మళ్లీ గాల్లోకి లేపినారు. 2012 మేలో డాన్‌కాస్టర్‌లో టేకాఫ్ కోసం పవర్ ఇస్తే రెండు ఇంజన్లు పాడైనాయి. ఏమైందని చూస్తే సిలికా జెల్ సంచి. మనం కొత్త చెప్పులు కొంటే డబ్బాలో వస్తుందే, ఆ తేమ పీల్చే గింజలు, వాటి పెద్ద సంచి. విమానం ఊరికే నిలబెట్టినప్పుడు తేమ చేరకుండా ఇంజన్ మూతి దగ్గర పెడతారు. తీయడం మరిచినారు. ఒక ఇంజన్ దాన్ని మింగింది, దాని ముక్కలు పక్క ఇంజన్ మింగింది. ఆ ఇంజన్లు ఇప్పుడు ఎవరూ తయారుచేయరు, దాచిపెట్టుకున్న స్పేర్లు వేసి మళ్లీ ఎగరేసినారు. 2015 అక్టోబర్‌తో అది కూడా ఆగిపోయింది, దాని టెక్నికల్ బాధ్యత తీసుకున్న కంపెనీలు ఇంక మావల్ల కాదన్నాయి.

మా హ్యాంగర్‌లో, అంటే విమానాలు పెట్టే షెడ్డులో, టూల్ బోర్డు ఉండేది, ప్రతి స్పానర్ ఆకారం పెయింట్‌తో గీసి ఉంటుంది. సాయంత్రం ఒక్క ఆకారం ఖాళీగా కనిపించినా విమానం కదలదు, ఎవరు ఎంత అరిచినా సరే. జీపుకి కూడా అట్లాంటి బోర్డు ఒకటి కొట్టించుకోండి, ప్లైవుడ్ ముక్క చాలు. గండికోట పోవచ్చు.

పెన్నా_గాలి (కడప)

వాళ్లు మళ్లీ మొదలుపెడతారా అన్న దానికి నా దగ్గర ఒక జవాబు ఉంది, నాకు ఇష్టమైన కథ ఇది.

బ్రిస్టల్ బ్లెన్‌హైమ్ అని రెండో ప్రపంచ యుద్ధం నాటి బ్రిటిష్ బాంబర్. బ్రిటన్‌లోని డక్స్‌ఫర్డ్‌లో ఎక్కువగా వాలంటీర్లే కూర్చొని 12 ఏండ్లు పట్టి ఒకదాన్ని లేపినారు, కెనడాలో తయారైన దాన్ని. 1987 మే 22న ఎగిరింది. జూన్ 21న డెన్‌హమ్ దగ్గర షో. నేలకి తాకించి ఆగకుండా మల్లా లేపుదామని పవర్ ఇచ్చినారు, ఇంజన్ అందుకోలేదు, పడిపోయింది. లోపలున్న ముగ్గురూ బతికినారు. విమానం మాత్రం ముక్కలు. లెక్కేసుకో అన్నా, 12 ఏండ్ల పని, నెల రోజుల ఎగురుడు.

వాళ్లు ఏం చేసినారంటే ఇంకో బ్లెన్‌హైమ్ బాడీ పట్టుకొచ్చినారు. ఆ రెండోది 1993 మేలో ఎగిరింది. పదేండ్లు షోలు చేసింది. 2003 ఆగస్టులో డక్స్‌ఫర్డ్‌లోనే దిగేటప్పుడు మల్లా దెబ్బతింది! ఇంగ ఎవరైనా దండం పెట్టి పోతారు కదా. వాళ్లు పోలేదు. ఈసారి 11 ఏండ్లు పట్టింది, 2014 నవంబర్ 20న మూడోసారి ఎగిరింది, ఇప్పటికీ ప్రపంచంలో ఎగిరే బ్లెన్‌హైమ్ అదొక్కటే.

మూడోసారికి దాని ముక్కు మార్చినారు, ఆ ముక్కు కథ వింటే నవ్వొస్తుంది. యుద్ధంలో నైట్ ఫైటర్‌గా తిరిగిన ఒక పాత బ్లెన్‌హైమ్ ముక్కు అది. యుద్ధం అయినాక ఎవరో దాన్ని తెచ్చుకొని ఆస్టిన్ సెవెన్ అనే చిన్న కారు ఛాసిస్ మీద ఎక్కించి కరెంటు కారు చేసుకొని ఊర్లో తిరిగినాడు. అట్లా కారైనందుకే అది పాత సామాన్ల కొట్టుకి పోకుండా మిగిలింది. అంటే ఆ పెద్దాయన తోలకుండా షెడ్డులో దాచింటే మిగిలేదో లేదో ఎవరికి తెలుసు. మీ రెండో ఫ్రెండుకి ఇది చెప్పండి.

నిజం_నిష్ఠూరం (ప్రొద్దుటూరు)

అందరూ కథలు బాగా చెప్తాండారు గానీ ఒకటి మర్చిపోతాండారు. పైన చెప్పిన వాటిల్లో మనుషులు బతికినారు కాబట్టి మనకి కథలుగా ఉండాయి.

2019 అక్టోబర్ 2, అమెరికాలో బ్రాడ్లీ ఎయిర్‌పోర్టు. నైన్-ఓ-నైన్ అనే బి-17, అదీ రెండో ప్రపంచ యుద్ధం నాటి బాంబరే. టికెట్ కొనుక్కొని ఎక్కిన జనం ఉండారు అందులో. మొత్తం 13 మంది, ఏడుగురు చనిపోయినారు. 2020లో ఆ విమానం నడిపిన సంస్థకి రైడ్లు ఇచ్చే పర్మిషన్ తీసేసినారు. 2022 నవంబర్ 12, డల్లాస్ ఎయిర్ షోలో ఇంకో బి-17కి ఒక కింగ్‌కోబ్రా ఫైటర్ గుద్దుకుంది, ఆరుగురు పోయినారు. వాళ్లలో చాలామంది ఏండ్ల తరబడి ఆ విమానాల మీద ప్రేమతో పనిచేసినోళ్లే.

ఎగరేయొద్దని నేను అనడం లేదు. నేర్చుకున్న పైలట్, ఖాళీ ఆకాశం, కింద జనం లేని చోటు, ఎగరేసుకోండి. టికెట్ పెట్టి పిల్లల్ని ఎక్కించేటప్పుడు లెక్క మారిపోతుంది. జీపు కూడా అంతే బాబూ, నలుగురు మీరు పోండి, వెనక సీట్లో చుట్టాల పిల్లల్ని కూర్చోబెట్టుకొని ముద్దనూరు ఘాట్ దిగొద్దు. ఆ బ్రేకులు ఏ కాలంవి?

డీజిల్_షెడ్డు (గుంతకల్లు)

ప్రొద్దుటూరాయన మాట కరెక్టే, బ్రేకుల సంగతి ముందు చూడు. కానీ కదలకుండా పెడితే బండి క్షేమంగా ఉంటుందనుకునేది కూడా తప్పే. నేను డీజిల్ షెడ్డులో లోకోలు, అంటే రైలు ఇంజన్లు, చూసినోణ్ని. నెలలు నిలబెట్టిన ఇంజన్ స్టార్ట్ చేస్తే యాడ చూసినా ఆయిల్ లీకే, సీళ్లు ఎండిపోయుంటాయి, నీళ్ల పైపుల్లో తుప్పు. తిరిగే ఇంజన్‌కి అంత రోగం రాదు. తోలకపోయినా వారానికో పది రోజులకో ఒకసారి వేడెక్కేదాకా తిప్పు, ఊరికే రెండు నిమిషాలు స్టార్ట్ చేసి ఆపితే సైలెన్సర్‌లో నీళ్లు చేరి ఇంకా చెడుతుంది.

రిటైర్ అయినాక పొద్దుపోక నేనూ ఇవే చూస్తుంటా ఫోన్లో. బోయింగ్ 307 స్ట్రాటోలైనర్ సంగతి ఎవరూ ఎత్తలేదేంటికి? మొత్తం 10 తయారైనాయి, ఒక్కటి మిగిలింది. సియాటిల్‌లో బోయింగ్ రిటైర్డు ఉద్యోగులు, వాలంటీర్లు ఏండ్లు కూర్చొని అద్దంలాగా చేసినారు, లోపల సీట్ల గుడ్డతో సహా. మ్యూజియంకి పంపే ముందర 2002 మార్చి 28న టెస్టుకి లేపినారు. ఇంజన్లు ఒకదాని వెనక ఒకటి ఆగిపోయి సముద్రంలో దిగింది, సియాటిల్ ఊరి ముందరే, జనం ఒడ్డున నిలబడి చూస్తాండగా. కారణం ఏమనుకున్నారు? పెట్రోల్ లేదు! టాంకుల్లో ఎంతుందో బయలుదేరే ముందర సరిగ్గా చూసుకోలేదని విచారణలో తేలింది. నలుగురూ బతికినారు.

నాకు నచ్చింది ఆ తర్వాత జరిగింది. దాన్ని బయటికి లాగి, ఉప్పంతా పోయేదాకా మంచినీళ్లతో కడిగి, ఆ ముసలోళ్లే మల్లా విప్పి మల్లా బిగించినారు. మరుసటి ఏడు, 2003లో వాషింగ్టన్ దగ్గరున్న స్మిత్‌సోనియన్ మ్యూజియంకి అదే విమానం ఎగురుకుంటా పోయింది. లారీ మీద కాదు. ఆ వయసులో అంత మొండితనం మా షెడ్డులో కూడా చూడలేదు నేను.

బళ్లారి_రోడ్డు (అనంతపురం, ఉండేది బెంగళూరులో)

అందరూ అమెరికా, లండన్ అంటాండారు. మనకి పక్కనే బెంగళూరులో జరిగింది చెప్తా, మా తాత హెచ్‌ఏఎల్‌లో, అదే విమానాల ఫ్యాక్టరీలో, పనిచేసినోడు కాబట్టి చిన్నప్పటి నుంచి విన్నదే.

యుద్ధం అయినాక బ్రిటిష్ వాళ్లు కాన్పూర్‌లో లిబరేటర్ బాంబర్లు వరసగా వదిలేసి పోయినారు. ఊరికే వదల్లేదు, మల్లా ఎవరూ వాడకుండా పాడుచేసి మరీ పోయినారు. దేశానికి స్వాతంత్ర్యం వచ్చింది, బాంబర్లు కావాలి, కొనడానికి డబ్బుల్లేవు. అప్పుడు హెచ్‌ఏఎల్ వాళ్లు ఆ చెత్తలోనే వెతికి, దీని రెక్క దానికి, దాని ఇంజన్ దీనికి వేసి, బెంగళూరు దాకా ఎగిరేంత మట్టుకు అక్కడే అతికించినారు. జంషెడ్ మున్షీ అని హెచ్‌ఏఎల్ పైలట్, ఆయనకి లిబరేటర్ నడపడం ఎవరూ నేర్పలేదు, పుస్తకం చూసి నేర్చుకొని ఒక్కొక్కటే బెంగళూరుకి తెచ్చినాడు. ఇక్కడ పూర్తిగా విప్పి బాగుచేసి ఎయిర్‌ఫోర్స్‌కి ఇచ్చినారు, 1968 దాకా వాడినారు. మిగతా దేశాలు ఎప్పుడో తుక్కు కింద అమ్ముకున్నాయి, అందుకే ఇప్పుడు లండన్‌లోని ఆర్‌ఏఎఫ్ మ్యూజియంలో ఉన్నది, అమెరికాలో అరిజోనాలో ఉన్నది కూడా మన దగ్గర నుంచి పోయినవే. పారేసినోళ్లే వచ్చి అడిగి తీసుకపోయినారు, మా తాత ఈ ముక్క చెప్పేటప్పుడు మీసం దువ్వేవాడు.

కాబట్టి ఒక విమానం పోతే అంతా పోయినట్టు కాదు అని నా అభిప్రాయం. విప్పడం బిగించడం తెలిసినోళ్లు నలుగురు ఉంటే ఇంకోటి లేస్తుంది. కీ బర్డ్ టీమ్‌కి ఆ చీఫ్ మెకానిక్ పోవడమే విమానం పోవడం కన్నా పెద్ద నష్టం, నా లెక్కలో.

అనంత_జీపు (అనంతపురం)

అందరికీ చాలా థాంక్స్. అక్కా, లిబరేటర్ల సంగతి ఇంత దగ్గరుండి కూడా ఎప్పుడూ వినలేదు. నిజం_నిష్ఠూరం అన్నా, బ్రేకులు కొత్త లైనింగ్ వేయించినాము గానీ బ్రేకు ఆయిల్ తోసే మాస్టర్ సిలిండర్ పాతదే, మీరు అడిగినాక భయమైంది, ఈ ఆదివారం విప్పుతాము. పిల్లల్ని ఎక్కించము. బురుజు సార్, ఒక చిన్న డౌట్. మంట ఆర్పే సిలిండర్ ఏది కొనల్ల? షాపులో నాలుగు రకాలు చూపించినాడు.

బురుజు_కాడ (కర్నూలు)

పెట్రోల్ మంట మీద నీళ్లు పోయొద్దు, పెట్రోల్ తేలి ఇంకా పాకుతుంది, నీళ్ల సిలిండర్ పక్కన పెట్టెయ్. ఏబీసీ పౌడర్‌ది తీసుకో, రెండు కిలోలది, ఐఎస్‌ఐ మార్కు చూడు. పైన మీటర్‌లో ముల్లు పచ్చ గీతలో ఉండాలి, కొనేటప్పుడే చూసుకో. బానెట్ కింద పెట్టొద్దు, మంట అక్కడే వస్తుంది. డ్రైవర్ సీటు పక్కన చేతికందేటట్టు క్లాంపుతో బిగించు, ఆ క్లాంపు కుదుపులకి ఊడకుండా నట్టుకి స్ప్రింగ్ వాషర్ వెయ్యి. పౌడర్ గడ్డకట్టకుండా అప్పుడప్పుడు తిరగేసి కదిలిస్తూ ఉండు. మాస్టర్ సిలిండర్ విప్పినాక లోపల గీతలు పడుంటే రబ్బర్లు ఒక్కటే మార్చి ఊరుకోవద్దు, ఫోటో ఇక్కడ పెట్టు.