అప్‌డేట్: వోల్టేజ్ డ్రాప్ లెక్కలు ఎందుకు కలవలేదంటే

మియాపూర్ అపార్ట్‌మెంట్‌లో మెయిన్ ప్యానెల్ నుంచి ఇంకో బ్లాక్‌కి 120 మీటర్ల త్రీఫేజ్ ఫీడర్ (కరెంటు తీసుకెళ్లే మెయిన్ కేబుల్). 40 కిలోవాట్లు, పవర్ ఫ్యాక్టర్ 0.85. రెండు ఫ్రీ ఆన్‌లైన్ కాలిక్యులేటర్లు వేర్వేరు డ్రాప్ (దారిలో తగ్గిపోయే వోల్టేజ్) చూపిస్తున్నాయేమిటని అడిగాను కదా. కండక్టర్ ఏదో చూడమన్న అన్నలకు థ్యాంక్స్, తేడా అక్కడే.

ఒకదాంట్లో డిఫాల్ట్ కాపర్. 35 స్క్వేర్ ఎంఎంకి 415 వోల్టుల మీద 2 శాతమే అంటోంది. మనం లాగేది అల్యూమినియం: 90 డిగ్రీల దగ్గర (కండక్టర్ వేడెక్కగలిగే గరిష్ఠం) రెసిస్టెన్స్ కిలోమీటరుకు 1.11 ఓమ్‌లు, కరెంటు 65.5 ఆంపియర్లు, డ్రాప్ 13.4 వోల్టులు, అంటే 3.2 శాతం. 20 డిగ్రీల రెసిస్టెన్స్ (0.868) పెడితే 2.6 దగ్గర ఆగి మోసం చేస్తుంది. 50 స్క్వేర్ ఎంఎంకి వెళ్తే 2.4 శాతం, లైటింగ్‌కున్న 3 శాతం డ్రాప్ పరిమితిలో ఫ్లాట్ల లోపలి వైరింగ్‌కి మిగిలేది 0.6. అందుకే 70 ఖాయం చేశాం, 1.7 శాతం.

డీరేటింగ్‌లో (వేడికి తగ్గట్టు కేబుల్ మోయగల ఆంపియర్లు తగ్గించి లెక్కించడం) ఇంకో తిరకాసు. ఐఈసీ (అంతర్జాతీయ ఎలక్ట్రికల్ ప్రమాణాల సంస్థ) పద్ధతి టూల్స్ గాలి 30 డిగ్రీలనుకుంటాయి. మన ఎండలకు 40 పెట్టాలి, ఎక్స్‌ఎల్‌పీఈ ఇన్సులేషన్ ఉన్న కేబుల్‌కి అప్పుడు ఆంపియర్లను 0.91తో గుణించాలి. కానీ మన కేబుల్ క్యాటలాగుల్లో ఆంపియర్లు మామూలుగా 40 డిగ్రీలకే ఇస్తారు. వాటిని మళ్లీ 0.91తో గుణిస్తే సైజు ఊరికే పెరుగుతుంది.

వాడిన రెసిస్టెన్స్ ఎంతో చూపించని టూల్‌ని నమ్మి మాత్రం కేబుల్ ఆర్డర్ పెట్టను.