ఘాట్ దిగాక బ్రేక్ పెడల్ మెత్తబడింది: మాస్టర్ సిలిండర్ మార్చాలా?

కోట_దారిలో
కారు 2014 మోడల్. ముందు డిస్కులు, వెనక డ్రమ్ములు, ఏబీఎస్ లేదు. అరకు నుంచి అనంతగిరి ఘాట్ దిగుతుంటే చివరి మలుపుల్లో పెడల్ మెత్తగా లోపలికి పోయింది. శృంగవరపుకోటలో టీ తాగి బయల్దేరేసరికి చాలావరకు కుదుటపడింది. ఇప్పుడు ఊళ్లో మొదటి తొక్కుకు సగం దాటి కిందికి పోతోంది, వెంటనే మళ్లీ తొక్కితే పైనే గట్టిగా ఆగుతోంది. బ్రేక్ ఆయిల్ తగ్గలేదు, చక్రాల దగ్గర తడి లేదు. బండి సెకండ్ హ్యాండ్‌లో కొన్నాను కాబట్టి ఆయిల్ ఎప్పటిదో తెలియదు. షెడ్డులో బానెట్ కూడా ఎత్తకుండా మాస్టర్ సిలిండర్ (పెడల్ తొక్కితే ఆయిల్‌ను చక్రాలకు నెట్టే భాగం) పోయిందన్నారు. మార్చమంటారా?

కొలిచి_చూద్దాం
మార్చకండి. మీ బండికి ఉన్నవి రెండు వేర్వేరు జబ్బులు.

ఘాట్‌లో ఆయిల్ మరిగింది. బ్రేక్ ఆయిల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది. డాట్ 3, డాట్ 4 అని బ్రేక్ ఆయిల్‌లో రకాలున్నాయి. కొత్త డాట్ 3 ఆయిల్ కనీసం 205 డిగ్రీల దాకా మరగకూడదని ప్రమాణం, నీరు 3.7 శాతానికి చేరితే ఆ హద్దు 140కి పడిపోతుంది. డాట్ 4కు ఇవే 230, 155. డిస్కు మీద ప్యాడ్లను నొక్కే కాలిపర్‌లో పుట్టిన ఆవిరి నలుగుతుందే తప్ప కాలి బలాన్ని ప్యాడ్ల దాకా చేర్చదు. చల్లారితే మళ్లీ ద్రవమవుతుంది. మీరు టీ తాగేలోపు జరిగింది అదే.

ఊళ్లో కనిపిస్తున్నది డ్రమ్ముల సంగతి. డ్రమ్ము లోపల రాసుకునే షూలు దూరంగా ఉంటే మొదటి తొక్కు వాటిని దగ్గరికి తేవడానికే సరిపోతుంది, రెండోది పట్టుకుంటుంది. హ్యాండ్ బ్రేక్ కొన్ని పళ్లు లాగి పెడల్ తొక్కి చూడండి. ప్రయాణం తగ్గితే డ్రమ్ములు సర్దితే చాలు.

షెడ్డు_మేస్త్రి
ఫోరమ్‌లో కూర్చుని జబ్బు చెప్పేస్తున్నారు! పదేళ్లు దాటిన బండి, సిలిండర్ లోపల ఆయిల్‌ను ఆపే రబ్బరు కప్పులు అరిగే ఉంటాయి. బయట ఒక్క చుక్క కారదు. ఆయిల్ కప్పును దాటి లోపలే వెనక్కి వస్తుంది. ట్యాంకులో మట్టం తగ్గలేదంటే సిలిండర్ బాగున్నట్టు కాదు.

న్యూట్రల్_వద్దు
అసలు ఏ గేరులో దిగారు? రెండో గేరులో దిగితే ఈ చర్చే లేదు. డీజిల్ మిగులుతుందని న్యూట్రల్‌లో దిగేవాళ్లను రోజూ చూస్తున్నాను.

కోట_దారిలో
మూడో గేరు. నాది పెట్రోలు బండి.

కొలిచి_చూద్దాం
మేస్త్రి గారూ, లోపలి లీకుకు పరీక్ష ఉంది కదా. పెడల్ నొక్కి అలాగే పట్టుకుంటే మెల్లగా కిందికి జారాలి. ఈయనది జారుతోందని ఎక్కడ చెప్పారు?

షెడ్డు_మేస్త్రి
అందరూ బలంగా తొక్కి పట్టుకుని ‘జారలేదు’ అంటారు. బలంగా తొక్కితే ఒత్తిడికి కప్పు విచ్చుకుని గోడకు అతుక్కుంటుంది, లీకు ఆగిపోతుంది. సిగ్నల్ దగ్గర ఆగినట్టు తేలికగా కాలు పెట్టి చూడాలి. అప్పుడు జారుతుంది.

వరుస_ముఖ్యం
ఏది మార్చినా బ్రేక్ పైపుల్లోంచి గాలి తీసేటప్పుడు వరుస తప్పకూడదు. స్టీరింగ్ కుడివైపు ఉంటుంది కాబట్టి వెనక ఎడమ, వెనక కుడి, ముందు ఎడమ, ముందు కుడి. దూరం నుంచి దగ్గరికి. ఇందులో వాదనకు తావు లేదు.

కొలిచి_చూద్దాం
తావుంది. చాలా చిన్న కార్లలో పైపులు ఐమూలగా ఉంటాయి. వాటికి వెనక ఎడమ తర్వాత ముందు కుడి, ఆపైన వెనక కుడి, చివర ముందు ఎడమ. మాన్యువల్ చూసి చేయాలి.

వరుస_ముఖ్యం
మా నాన్నగారి కాలం నుంచీ దూరం నుంచి దగ్గరికే చేస్తున్నాం. ఒక్క బండీ తిరిగి రాలేదు.

బిల్లు_బాధితుడు
నా అనుభవం చెబుతాను. ఇదే లక్షణం. ఒక షెడ్డులో మాస్టర్ సిలిండర్ మార్చారు, తగ్గలేదు. కాలి బలాన్ని పెంచే బూస్టర్ మార్చారు, తగ్గలేదు. ఇంకో ఊళ్లో ఒక ముసలాయన డ్రమ్ము విప్పి, షూల దూరాన్ని దానంతటదే సర్దే ఆటో అడ్జస్టర్ తుప్పుతో బిగుసుకుపోతే దాన్ని శుభ్రం చేసి బిగించారు. పెడల్ పైకొచ్చింది. మొదటి షెడ్డువాళ్లు ఒక్క రూపాయి తిరిగివ్వలేదు, పాత సామాను కూడా చూపించలేదు. కాబట్టి మేస్త్రుల మాట నేను నమ్మను.

షెడ్డు_మేస్త్రి
మీకు జరిగింది అన్యాయమే. దానికి నేనెందుకు జవాబు చెప్పాలి?

బిల్లు_బాధితుడు
బానెట్ ఎత్తని మనిషిని వెనకేసుకొచ్చింది మీరే కాబట్టి!

కొలిచి_చూద్దాం
కోట_దారిలో గారూ, చక్రం దగ్గర ఆయిల్ వదిలే నిపుల్‌కు సన్నని పైపు, ఒక సీసా, తోడుగా ఒక మనిషి ఉంటే పాత ఆయిల్ తీసి కొత్తది నింపడం ఇంట్లోనే అయిపోతుంది.

షెడ్డు_మేస్త్రి
ఇదిగో, ఇలాంటి సలహాలతోనే బండ్లు తాడు కట్టుకుని నా దగ్గరికి వస్తాయి. పాత బండిలో పెడల్‌ను నేలదాకా తొక్కుతూ గాలి తీస్తే, ఎన్నడూ తిరగని చోట పేరుకున్న తుప్పు మీదికి కప్పులు వెళ్లి చిరిగిపోతాయి. అప్పటిదాకా బాగున్న సిలిండర్ అక్కడితో సరి. మేమైతే పెడల్ అంత లోతుకు పోకుండా కింద చెక్కముక్క పెడతాం. మీరు రాసినదాంట్లో చెక్కముక్క ఉందా?

కొలిచి_చూద్దాం
లేదు. పెట్టాల్సిందే. కానీ ఇంత తెలిసిన మీరు, పరీక్షించకుండా మార్చమన్న షెడ్డును ఎందుకు సమర్థిస్తున్నారు?

షెడ్డు_మేస్త్రి
ఎందుకో చెబుతాను, వినండి. నాలుగు చక్రాలూ విప్పి, అడ్జస్టర్లు తిప్పి, హోసు పైపులు ఉబ్బుతున్నాయేమో చూసి ‘సామాను బాగానే ఉంది, కొంచెం సర్దాను’ అంటే కస్టమర్ ఏమంటాడు? ‘ఏమీ మార్చలేదు కదా, దీనికి డబ్బులెందుకు?’ అంటాడు. సగం పూట పోయినా చేతిలో వంద పెడతాడు. అదే సిలిండర్ డబ్బా చూపిస్తే మారు మాట లేకుండా మొత్తం ఇస్తాడు. చూసినందుకు కూలి ఇవ్వరు, మార్చినందుకు ఇస్తారు. ఇక షెడ్డు ఏది నేర్చుకుంటుంది?

బిల్లు_బాధితుడు
అంటే చెడిపోని సిలిండర్‌కు నేను కట్టిన డబ్బు మీ కూలి బకాయా?

షెడ్డు_మేస్త్రి
నా కూలి కాదు. కానీ ఆ ముసలాయనకు మీరెంత ఇచ్చారు? అది కూడా రాయండి.

బిల్లు_బాధితుడు
ఆయన అడిగినంతే ఇచ్చాను. ఎక్కువ అడగలేదు.

షెడ్డు_మేస్త్రి
అడగరు. అడిగితే మీరు ఆయన గురించీ ఇక్కడ రాసేవారు.

కోట_దారిలో
మీ గొడవ మధ్యలో బండిని చూశాను. హ్యాండ్ బ్రేక్ లాగి తొక్కితే ప్రయాణం బాగా తగ్గింది. ఇంజిన్ ఆన్‌లో ఉంచి, మేస్త్రి గారు చెప్పినట్టు తేలికగా కాలు పెట్టి చాలాసేపు ఉంచాను. జారలేదు. ఆయిల్ కాఫీ రంగులో ఉంది.

కొలిచి_చూద్దాం
డ్రమ్ములు సర్దించండి, ఆయిల్ మొత్తం మార్పించండి. ఆయిల్ ట్యాంకు మూతమీద డాట్ 4 అని ఉంటే అదే పోయాలి. సిలిండర్ జోలికి వద్దు.

షెడ్డు_మేస్త్రి
జారలేదంటే ఇప్పటికి సిలిండర్ అవసరం లేదు, ఒప్పుకుంటాను. వేడి మీద ఇంకోసారి చూడండి. సరిచేసేదాకా ఘాట్ ఎక్కకండి.

కోట_దారిలో
మేస్త్రి గారూ, ఇదే బండి మీ దగ్గరికి తెస్తే, ఏ సామానూ మార్చకపోయినా డ్రమ్ములు విప్పి చూసినందుకు ఎంత తీసుకుంటారు?

షెడ్డు_మేస్త్రి
ఆరు వందలు. ఆయిల్, గాలి తీసిన కూలి వేరే. ముందే చెబుతున్నాను, తర్వాత బేరం లేదు.

బిల్లు_బాధితుడు
విప్పి చూసినందుకే ఆరు వందలా?

వరుస_ముఖ్యం
ఎవరి దగ్గర చేయించినా సరే, వెనక ఎడమ నుంచి మొదలుపెట్టమనండి.