పిస్టల్ పిడికి అందం ముందా, పట్టు ముందా?

పాతపిడి (చర్చ ప్రారంభం):

నా దగ్గరున్నది 1911 తరహా (అమెరికా సైన్యం 1911లో చేపట్టిన రూపకల్పన) పిస్టల్, .45 అంగుళాల తూటాది. దాని పిడికి రెండు పక్కలా బిగించిన వాల్‌నట్ (అక్రోటు చెక్క) పలకలు చాలా ఏళ్ల వాడకంతో అరిగి, పట్టు కోసం మీద చెక్కిన గళ్లు దాదాపు మాసిపోయాయి. వాటిని మార్చి ముత్యపు చిప్ప పలకలు వేయించుకోవాలని కొంతకాలంగా అనుకుంటున్నాను. అయితే, కాల్చడానికి వాడే ఆయుధం పిడి చేతికోసం ఉండాలే తప్ప కంటికోసం కాదని నాతో సాధన చేసే ఒక పెద్దాయన గట్టిగా అంటున్నారు. నేను నెలకు రెండుసార్లు కాల్పుల సాధన చేసే రేంజ్‌కు వెళ్తాను, వెళ్లినప్పుడల్లా సుమారు వంద తూటాలు కాలుస్తాను. ఇలా క్రమంగా వాడే పిస్టల్‌కు అలంకారపు పలకలు వేయడం తప్పేనా?

చిత్రిక:

పాతపిడి గారు, తప్పొప్పుల సంగతికి ముందు, ఆ పలకలు మీ చేతిలో ఏ పని చేస్తున్నాయో చూద్దాం. 1911లో పిడి ముందు అంచూ వెనుక అంచూ లోహమే. పక్కనున్న రెండు పలకలను, ఒక్కోదానికి రెండు చొప్పున, నాలుగు స్క్రూలు పట్టి ఉంచుతాయి. కాల్చినప్పుడు పిస్టల్ వెనక్కి, పైకి తన్నుతుంది. ఆ తన్నును నేరుగా అడ్డుకునేవి ముందు వెనుక అంచులే కాబట్టి పక్క పలకలు ఎలా ఉన్నా ఫర్వాలేదని చాలామంది నమ్ముతారు. ఒంటి చేత్తో, తీరిగ్గా, కాగితపు గురి మీద కాల్చేటప్పుడు అది చాలావరకు నిజమే. రెండు చేతులతో పట్టుకున్నప్పుడు మాత్రం లెక్క మారుతుంది. కుడిచేతి వాటం వారి ఎడమ అరచేతి మడమ సరిగ్గా ఎడమ పలక మీదనే ఆనుతుంది, ఆ చెయ్యి పిస్టల్‌ను నేరుగా తాకే ముఖ్యమైన చోటు అదే. అక్కడ నున్నటి చిప్ప ఉండి, చేతికి కాస్త చెమట పట్టిందంటే, వరుసగా కాల్చేటప్పుడు ప్రతి తూటాకూ ఎడమచెయ్యి కొంచెం కొంచెంగా జారుతుంది, మీరు మళ్లీ మళ్లీ పట్టు సర్దుకోవాల్సి వస్తుంది.

తొలి 1911ల వాల్‌నట్ పలకల మీద స్క్రూ రంధ్రాల చుట్టూ వజ్రాకారంలో నున్నటి చోటు వదిలేసి, మిగతా భాగమంతా గళ్లు చెక్కేవారు. చూసినవారు దాన్ని అలంకారమనే అనుకుంటారు. నిజానికి స్క్రూ బిగిసే చోట చెక్క పలుచబడకుండా, పగలకుండా ఆ వజ్రం కాపాడుతుంది. అందమూ పనీ ఒకే గీతలో కుదిరిన పిడి అది. మీ పాత పలకల మీద ఆ వజ్రాలు ఇంకా కనిపిస్తుంటే వాటిని పారేయవద్దని నా మనవి.

గురిచూపు:

చిత్రిక గారి మాటల్లో నిజముంది కానీ, అలంకారపు పిడి అనగానే పనికిరానిదని తేల్చేయడం చరిత్రకు అన్యాయం. అమెరికా సైన్యాధికారి జార్జ్ ప్యాటన్ 1916లో కొన్న కోల్ట్ సింగిల్ యాక్షన్ (ప్రతి తూటాకూ సుత్తిని చేత్తో వెనక్కి లాగాల్సిన) రివాల్వర్‌కు దంతపు పిడి ఉండేది, ఉక్కు మీద నగిషీ కూడా ఉండేది. ఆయన దాన్ని గోడకు తగిలించుకోలేదు, అదే ఏడాది మెక్సికోలో జరిగిన కాల్పుల్లో వాడాడు. ఆ పిడిని ముత్యపు చిప్ప అని ఎవరైనా అంటే కాదని సరిదిద్దేవాడు కూడా. ప్రాణాల మీదికి వచ్చిన రోజున నున్నటి దంతపు పిడి పనిచేసినప్పుడు, రేంజ్‌లో వారాంతపు సాధనకు ముత్యపు చిప్ప ఎందుకు పనికిరాదు?

ఇంకొక మాట కూడా చెప్పాలి. తనకు నచ్చిన వస్తువును మనిషి ఎక్కువగా చేతిలోకి తీసుకుంటాడు, శుభ్రం చేస్తాడు, దానితో సాధనా ఎక్కువ చేస్తాడు. ఆ ప్రయోజనాన్ని లెక్కలోకి తీసుకోకుండా పట్టు గురించి మాత్రమే మాట్లాడటం సగం లెక్క అవుతుంది.

చిత్రిక:

గురిచూపు గారు, మీరు ఎంచుకున్న ఉదాహరణే నా వాదనకు బలం. ఆ కోల్ట్ 1873 నాటి రూపకల్పన. దాని పిడి నాగలి మేడిలా వంగి ఉంటుంది. పేలినప్పుడు అది అరచేతిలో పైకి దొర్లుతుంది, దాంతో బొటనవేలు తుపాకీ వెనుకనున్న సుత్తిని (హ్యామర్‌ను) అందుకుని తర్వాతి తూటాకు వెనక్కి లాగడానికి వీలవుతుంది. అంటే ఆ రివాల్వర్‌కు చేతిలో కదిలే పిడి కావాలి, నున్నదనం దానికి అనుకూలం. 1911 పిస్టల్ తనంతట తానే మళ్లీ సిద్ధమవుతుంది కాబట్టి దాన్ని పట్టిన చెయ్యి ఉన్నచోటే ఉండాలి. ఒకే దంతపు పలక ఒక ఆయుధంలో సాయం, మరొకదానిలో అడ్డంకి అవుతుంది. కనుక అలంకారం మంచిదా చెడ్డదా అన్న ప్రశ్నకు, ఏ ఆయుధానికి అన్నది తెలియకుండా జవాబు ఉండదని నా అభిప్రాయం.

ఇష్టం సాధనను పెంచుతుందన్న మీ మాటను మాత్రం పూర్తిగా ఒప్పుకుంటున్నాను.

కొయ్యపని:

నేను పిడి పలకలు చేసే పనిలో ఉన్నాను కాబట్టి పదార్థాల గురించి చెప్తాను, ఎందుకంటే నునుపు గరుకుల కంటే ముందు పగుళ్ల గురించి ఆలోచించాలి. ముత్యపు చిప్ప చూడటానికి ఎంత బాగున్నా పెళుసుగా ఉంటుంది. స్క్రూను అర చుట్టు ఎక్కువ బిగించినా, పిస్టల్ గట్టి నేల మీద పడినా అంచు రాలిపోతుంది. పలక వెనుకభాగం ఉక్కుకు సమంగా ఆనకపోతే, ప్రతి తూటా అదురూ ఎత్తుగా ఉన్న ఒక్క చోటే పడి అక్కడి నుంచి చీలిక మొదలవుతుంది. అసలు దంతం పొడి గాలికి ఎండి చిట్లుతుంది, కాలంతో పసుపు రంగుకు తిరుగుతుంది. పైగా 1989లో ఆఫ్రికా ఏనుగును, అంతరించే ముప్పున్న జీవుల వాణిజ్యాన్ని నియంత్రించే సైటిస్ అంతర్జాతీయ ఒప్పందపు మొదటి అనుబంధంలో చేర్చిన తర్వాత దాని అంతర్జాతీయ వాణిజ్యం దాదాపుగా ఆగిపోయింది. పత్రాలు లేని దంతాన్ని ఎంత పాతదని చెప్పినా ముట్టుకోవద్దు. సాంబార్ అని కూడా పిలిచే కణుజు కొమ్ముకు సహజమైన గరుకు ఉంటుంది, చేతికి బాగా పడుతుంది, కానీ ఏ రెండు ముక్కలూ ఒకే మందంలో రావు.

రోజూ వాడే పిస్టల్‌కు నేను ముందుగా చెప్పేవి రెండు. ఒకటి, గాజు బట్టను ఎపాక్సీ అనే గట్టిపడే జిగురుతో కలిపి అదిమి చేసే జీ10. రంగుల పొరలతో చేసినదాన్ని చెక్కితే లోపలి గీతలు బయటపడి ఎంతో అందంగా ఉంటుంది, నూనెకూ చెమటకూ చెక్కు చెదరదు. దాన్ని ఇంట్లో అరగదీయాలనుకుంటే ఆ ధూళి ఊపిరితిత్తులకు చేటు కనుక సరైన మాస్కు తప్పనిసరి. రెండోది, సూక్ష్మరంధ్రాల్లోకి రెసిన్ ఎక్కించి గట్టిపరచిన చెక్క. మామూలు వాల్‌నట్ కూడా మంచిదే, తుపాకీ శుభ్రం చేసే ద్రావకాలు దాని మీద పడకుండా చూసుకుంటే చాలు.

మందం సంగతి చాలామంది మర్చిపోతారు. 1911 పలక మామూలుగా పావు అంగుళం మందం ఉంటుంది. మీ చూపుడు వేలి కొస ట్రిగ్గర్‌ను హాయిగా అందుకోలేకపోతుంటే పలుచని పలకలు వేసుకోవడం మేలు, కానీ వాటికి పొట్టి బుషింగులు (పిడిలో అమర్చే, స్క్రూలు బిగిసే చిన్న గొట్టాలు), పొట్టి స్క్రూలు కావాలి. రెండు వైపులా సేఫ్టీ మీట (పొరపాటున పేలకుండా ఆపేది) ఉన్న పిస్టల్ అయితే కుడి పలకకు ఆ మీట కోసం గాడి కోసి ఉందో లేదో కొనేముందే చూసుకోవాలి. బెరెట్టా 92 అనే మరో రకం పిస్టల్ ఉన్నవారికీ ఒక మాట: దాని కుడి పలక కింద ట్రిగ్గర్ కడ్డీ స్ప్రింగు ఉంటుంది, పలక తీయగానే అది ఊడిపడవచ్చు. ఏ పిస్టల్ అయినా మ్యాగజైన్ (తూటాల పెట్టె) తీసి, చాంబర్ (పేలబోయే తూటా ఉండే గది) ఖాళీగా ఉందని కంటితో, వేలితో రెండుసార్లు చూసుకున్నాకే స్క్రూ మీద చెయ్యి వేయాలి.

పాతపిడి:

అందరి సమాధానాలూ చదివాక, డబ్బు పెట్టకముందే ఒక పరీక్ష చేసి చూశాను. నా పాత పలకల మీద నున్నటి పారదర్శక టేపు గట్టిగా అంటించి, ముత్యపు చిప్ప ఎలా ఉండవచ్చో చేతికి తెలిసేలా చేసుకుని, యాభై తూటాలు కాల్చాను. ఒక్కొక్కటిగా తీరిగ్గా కాల్చినప్పుడు నాకు ఏ తేడా తెలియలేదు. ఐదేసి తూటాలు వరుసగా కాల్చినప్పుడు మాత్రం మూడోదానికల్లా ఎడమ అరచెయ్యి వెనక్కి జారింది, చిత్రిక గారు చెప్పినట్లే. టేపు తీసేసి మళ్లీ కాల్చితే, గళ్లు మాసిపోయిన ఆ పాత చెక్క కూడా టేపు కంటే బాగా పట్టింది.

అందుకని చిప్ప ఆలోచన ప్రస్తుతానికి పక్కన పెట్టి, మంచి చారలున్న వాల్‌నట్ మీద వజ్రాల గళ్లతో పలకలు చేయించాలని అనుకుంటున్నాను. పాతవాటిని గుడ్డలో చుట్టి దాచుకుంటాను.

గురిచూపు:

పరీక్ష చేసి చూసినందుకు అభినందనలు, కానీ అది ఒక వైపే చూపించింది. మీ పిస్టల్ ముందు అంచు నున్నగా ఉందా, గళ్లు చెక్కి ఉందా? నున్నగా ఉంటే అక్కడ గరుకు టేపు ఒక పట్టీ అంటించి, పలకల మీద నున్నటి టేపుతోనే మళ్లీ ఐదేసి తూటాలు కాల్చి చూడండి. కుడిచేతి వేళ్లకు అక్కడ పట్టు దొరికితే పిస్టల్ తక్కువగా కదులుతుంది, అప్పుడు ఎడమచేతి మీద అంత భారం పడదు. చిప్ప పలకలను వదులుకునే ముందు ఆ ఒక్క అవకాశం వాటికి ఇవ్వాలని నా కోరిక.

పాతపిడి:

ముందు అంచు నున్నగానే ఉంది. వచ్చే వారం మీరు చెప్పినట్లు కాల్చి, ఫలితం ఇక్కడే రాస్తాను. వాల్‌నట్ పలకలు చేయించే పని అప్పటిదాకా ఆపుతున్నాను.